చెవి మిషను బీరువాలోకి ఎందుకు చేరుతుంది?

చాలా ఇళ్లలో బీరువా పై అరలో ఒక చిన్న డబ్బా ఉంటుంది. మూత తీస్తే లోపల చెవి మిషను, పక్కనే నారింజ రంగు స్టిక్కర్లున్న బటన్ బ్యాటరీల అట్ట. అందులో రెండో మూడో వాడి ఉంటారు, మిగిలినవి అలాగే ఉంటాయి. ఇంకో ఇంట్లో తలుపు వెనక మడిచిపెట్టిన వీల్‌చెయిరు, దాని మీద ఆరేసి తెచ్చిన బట్టలు. వీటిలో కొన్ని పిల్లలు డబ్బు పెట్టి కొన్నవి, కొన్ని శిబిరాల్లో ఉచితంగా వచ్చినవి. "అంత పెట్టి కొనిచ్చినా పెట్టుకోదు" అని కొడుకు అంటాడు. "అది పెట్టుకుంటే తలనొప్పి" అని తల్లి అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పరికరం ఇంటికి వచ్చిన రోజుకీ, అది బీరువాలోకి చేరిన రోజుకీ మధ్య ఏం జరుగుతోందన్నది ఇక్కడ చూద్దాం.

క్లుప్తంగా

సహాయక పరికరాలు మూలన పడటానికి ముసలివాళ్ల మొండితనమే కారణమనుకోవడం మామూలు. వాడేవారి అనుభవాలు చూస్తే కారణాలు వేరేగా కనిపిస్తాయి. మనిషికి తగ్గట్టు అమర్చకపోవడం, అలవాటయ్యే వరకు తోడు ఉండకపోవడం, దగ్గర్లో రిపేరు లేకపోవడం, ఇల్లు, వీధి, ఫోను యాప్ ఆ పరికరానికి సరిపడకపోవడం. ఊళ్లో ఉన్న మెకానిక్కు బాగుచేయగలిగినవీ, ఇక్కడి బతుకు తీరుకు తగ్గట్టు తయారైనవీ ఎక్కువ కాలం వాడకంలో ఉంటున్నాయి. పంపిణీకి ఉన్నంత పక్కా ఏర్పాటు ఆ తర్వాతి పనులకు లేదు.

మానేయడం కొత్త సంగతి కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో సహాయక సాంకేతికతపై ఒక నివేదిక విడుదల చేశాయి. కళ్లద్దాల నుంచి వీల్‌చెయిరు దాకా ఏదో ఒక పరికరం అవసరమైనవారు ప్రపంచంలో 250 కోట్ల మంది ఉన్నారని, వారిలో దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదని అందులో తేలింది. వార్తల్లో ఎక్కువగా వచ్చేది ఈ అందని లెక్కే. అంది కూడా వాడనివాళ్ల గురించి మాట్లాడటం తక్కువ.

దాని మీద పాత అధ్యయనం ఒకటుంది. 1993లో ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు అమెరికాలో 227 మంది వికలాంగులను అడిగి చూశారు. వారి దగ్గరున్న పరికరాల్లో 29.3 శాతం మూలన పడ్డాయి. నడకకు సాయపడే వాటిని మానేయడం మిగతా వాటికంటే ఎక్కువ. మొదటి ఏడాదిలోనూ, మళ్లీ ఐదేళ్లు దాటాకా ఎక్కువమంది వదిలేశారు. అందుకు పరిశోధకులు గుర్తించిన కారణాలు నాలుగు: ఎంపిక చేసేటప్పుడు వాడేవారి మాట వినకపోవడం, పరికరం మరీ సులువుగా చేతికి రావడం, సరిగ్గా పనిచేయకపోవడం, కాలంతో పాటు మనిషి అవసరం మారడం.

రెండో కారణం మొదట వింతగా అనిపిస్తుంది. సులువుగా రావడం మంచిదే కదా? అక్కడ సులువు అంటే కొలతలు తీయకుండా, ఇంట్లో ఎలా తిరుగుతారో అడగకుండా, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేయడం. మన దగ్గర మందుల షాపులో వాకర్ కొనడం అచ్చం ఇలాగే జరుగుతుంది. నడవాల్సిన మనిషి ఇంట్లో మంచం మీద ఉంటారు, కొడుకో అల్లుడో వెళ్లి ఉన్నవాటిలో ఒకటి తెస్తారు. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు ఎంత ఎత్తులో ఉంటుందో చేతికర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. కర్రను నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేత్తో పట్టుకోవాలి. ఈ రెండు విషయాలు ఎవరూ చెప్పరు. కుడి మోకాలు నొప్పి ఉన్నవారు కుడి చేత్తోనే కర్ర పట్టుకుంటారు. ఒళ్లంతా అదే వైపు ఒరుగుతుంది, నొప్పి తగ్గదు. నెల తిరిగేసరికి కర్ర మూలకు చేరుతుంది.

కళ్లద్దాలకు లేని కష్టం చెవి మిషనుకు ఎందుకు?

చూపు తగ్గితే అద్దాలు, వినికిడి తగ్గితే మిషను. రెండూ ఒకే రకం పని అనిపిస్తుంది. కానీ అద్దాలు పెట్టుకున్న క్షణంలోనే పేపరులో అక్షరాలు కనిపిస్తాయి. చెవి మిషను పెట్టుకున్న క్షణంలో ఫ్యాను హోరు, గిన్నెల చప్పుడు, పక్కింటి టీవీ అన్నీ ఒక్కసారి మీద పడతాయి. కావలసిన మాట మాత్రం వాటి మధ్య ఎక్కడో ఉంటుంది. తేడా ఎక్కడొస్తుందో తెలియాలంటే ముసలితనంలో వినికిడి ఎలా తగ్గుతుందో చూడాలి.

వయసుతో చెవుడు అన్ని శబ్దాలకూ సమానంగా రాదు. ముందు సన్నని, పై స్థాయి శబ్దాలు పోతాయి. మాటల్లో అచ్చులు బలంగా, కింది స్థాయిలో పలుకుతాయి కాబట్టి వినిపిస్తూనే ఉంటాయి. స, త, చ, క లాంటి హల్లులను గుర్తుపట్టించే సన్నని అంశం బలహీనంగా, పై స్థాయిలో ఉంటుంది కాబట్టి అదే జారిపోతుంది. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అందుకని మాటల ప్రవాహం చెవిన పడుతూనే ఉంటుంది, ఏ మాటో మాత్రం తేలదు. పాలు, కాలు, చాలు. ఈ మూడింటికీ తేడా మొదటి హల్లు ఒక్కటే. "పాలు కావాలా?" అని అడిగితే "కాలు బాగానే ఉంది" అని జవాబొస్తుంది, ఇంట్లో నలుగురూ నవ్వుతారు. "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్లు చెప్పేది సాకు కాదు, వాళ్ల చెవిలో జరుగుతున్నది సరిగ్గా అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం వినబడదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు వాళ్లకు ఎంత పెద్దగా వినిపిస్తుందో వీళ్లకూ అంతే, ఒక్కోసారి ఇంకా ఇబ్బందిగా వినిపిస్తుంది. ఈ రెండింటి మధ్య జాగా ఇరుకైపోతుంది. కోడలు మామూలుగా పిలిస్తే పలకరు, గొంతు పెంచితే "అరుస్తావెందుకమ్మా, నాకేమన్నా చెవుడా?" అంటారు. ఇంట్లో తగువులా కనిపించే ఈ మాటల వెనక ఉన్నది ఆ ఇరుకు జాగా.

జేబులో పెట్టుకునే పాత రకం మిషను శబ్దాలన్నింటినీ ఒకేలా పెంచుతుంది. డిజిటల్ మిషను ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో, పెద్ద శబ్దాన్ని ఎక్కడ ఆపాలో విడివిడిగా సరిచేసుకోగలదు. అయితే ఆ మనిషి వినికిడి పరీక్ష ప్రకారం ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణుడు, కంప్యూటరుకు కలిపి సెట్ చేస్తేనే ఆ పని జరుగుతుంది. సెట్ చేశాక కూడా మెదడుకు సమయం కావాలి. ఏళ్ల తరబడి వినని శబ్దాలు తిరిగొస్తే ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి. అందుకే మొదటి వారాల్లో రోజుకు గంటో రెండు గంటలో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా ఒక్కరే కూర్చుని మాట్లాడుతుండగా పెట్టుకోమంటారు. ఆ తర్వాత మళ్లీ వెళ్లి సెట్టింగు మార్పించుకోవాలి. ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. మిషను తెచ్చిన రోజే చుట్టాల పెళ్లికి పెట్టిస్తారు. బ్యాండు మేళం, మైకు, వందమంది మాటలు. ఆ ఒక్క పూటతో దాని మీద మనసు విరిగిపోతుంది.

వినికిడి యంత్రంతో మేలు పొందగలిగే వారిలో ప్రపంచం మొత్తం మీద వాడుతున్నది 17 శాతం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ధర ఒక కారణం, సిగ్గు ఇంకో కారణం. అద్దాలు పెట్టుకున్నవాణ్ని చదువుకున్నవాడనుకునే సమాజం చెవి మిషను పెట్టుకున్నవాణ్ని అలా చూడదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అన్న సామెత రోజూ వాడే భాషలో ఆ గుర్తు బయటికి కనపడకూడదని ఎవరైనా అనుకోవడం సహజం. అయితే సిగ్గు దాటి పెట్టుకున్నవాళ్లు కూడా మానేస్తున్నారంటే పై కారణాల్నే ముందు చూడాలి.

బ్యాటరీ, చెమట, గులిమి

చెవి మిషను బ్యాటరీ గాలితో పనిచేసే రకం. జింకు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే కరెంటు పుడుతుంది. వెనకనున్న స్టిక్కరు పీకగానే గాలి లోపలికి వెళ్లి పని మొదలవుతుంది. మళ్లీ స్టిక్కరు అంటించినా అది ఆగదు. ఇది తెలియక రాత్రి పడుకునే ముందు బ్యాటరీ తీసి, దాచిపెట్టిన స్టిక్కరును జాగ్రత్తగా మళ్లీ అంటించే పెద్దలున్నారు. పొదుపు చేస్తున్నామనుకుంటారు, బ్యాటరీ మాత్రం అయిపోతూనే ఉంటుంది. చెవి వెనక పెట్టుకునే మిషన్లలో ఎక్కువగా వాడే 13 నంబరు బ్యాటరీ పది రోజుల నుంచి రెండు వారాల దాకా వస్తుంది. మండల కేంద్రంలో మందుల షాపుకు వెళ్తే గోడ గడియారం బ్యాటరీ దొరుకుతుంది గానీ ఇది దొరకడం కష్టం. జిల్లా కేంద్రానికి వెళ్లేవాళ్లెవరైనా తెచ్చేదాకా మిషను డబ్బాలో ఉంటుంది. అలా ఒకసారి వారం, ఇంకోసారి నెల ఆగితే కొత్తగా నేర్చుకున్న మెదడు మళ్లీ మొదటికొస్తుంది.

కోస్తా ఉక్కపోతకు చెవి వెనక చెమట పట్టి సన్నని గొట్టంలో తేమ చేరుతుంది. గులిమి చిక్కుకుని శబ్దం రాదు. చెవి రంధ్రంలో అమరే అచ్చు (ఇయర్‌మోల్డ్) వదులైతే కీచుమని కూత వస్తుంది. "పాడైపోయింది" అని పక్కన పడేసిన మిషన్లలో కొన్నింటికి కావలసింది గొట్టం శుభ్రం చేయడం, రాత్రి పూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టడం, చెవికి కొత్త అచ్చు తీయించడం. ఇవి పెద్ద ఖర్చుతో అయ్యే పనులు కావు. కానీ చేసి చూపించే మనిషి దగ్గర్లో ఉండాలి.

గడప దాటని కుర్చీ

వీల్‌చెయిరు విషయంలో అడ్డం పడేది ఇల్లు. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. వీల్‌చెయిరు మీద మనిషి సొంతంగా ఎక్కగలిగే వాలుకు మన దేశ ప్రమాణాల్లో కూడా వాడే నిష్పత్తి 1:12. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. పల్లెటూరి ఇంటి అరుగుకు మూడు మెట్లుంటే ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. దానికి 5.4 మీటర్ల, దాదాపు పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. చాలా ఊళ్లలో అరుగు దిగితే వీధే, ఆ వీధి వెడల్పే అంత ఉండదు. అందుకని రెండు బస్తాల సిమెంటుతో నిట్టనిలువు ర్యాంపు కట్టిస్తారు. దాని మీద వెనక నుంచి బలమైన మనిషి తోస్తే తప్ప కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు పట్టు తప్పితే ప్రమాదం.

లోపలికి వస్తే గడప. పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీసేయమని ఎవరూ అడగరు, అడగాల్సిన పని కూడా లేదు, రెండు వైపులా వాలుగా చెక్క పెడితే చాలు. అసలు ఆగేది బాత్రూం దగ్గర. మామూలు మడత వీల్‌చెయిరు వెడల్పు 25, 26 అంగుళాలు ఉంటుంది. బాత్రూం తలుపు రెండడుగులో రెండున్నర అడుగులో ఉంటుంది. చట్రం పోను కుర్చీయే పట్టదు, పట్టినా చక్రం తిప్పే చేతి వేళ్లకు చోటు మిగలదు. పెరట్లో విడిగా కట్టిన మరుగుదొడ్డి అయితే దారిలో మట్టి, నీళ్ల తొట్టి, బట్టలుతికే బండ. మనిషికి రోజులో తప్పనిసరిగా అవసరమయ్యే చోటికే కుర్చీ వెళ్లలేకపోతే అది ఆసుపత్రికి వెళ్లే రోజు మాత్రమే బయటికి వస్తుంది.

కుర్చీ రకం కూడా ముఖ్యమే. ఆసుపత్రి వరండాలో రోగిని ఈ గది నుంచి ఆ గదికి తీసుకెళ్లడానికి తయారైన కుర్చీనే వెన్నుపూస దెబ్బతిని రోజంతా కూర్చోవాల్సిన యువకుడికి కూడా ఇస్తుంటారు. స్పర్శ లేని శరీరం ఒకే చోట గంటల తరబడి ఒత్తుకుంటే పుండు పడుతుంది, అది ప్రాణం మీదికి తేగలదు. తగిన కుషన్, శరీరానికి సరిపోయే సీటు వెడల్పు, కాలిపలక ఎత్తు, కొంతసేపటికోసారి ఒళ్లు పైకి లేపే అలవాటు, ఇవన్నీ కుర్చీతో పాటే రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాల్లో వీల్‌చెయిరు సేవను ఎనిమిది దశలుగా విడదీసింది. మనిషిని పరీక్షించడం, సరైనది సూచించడం, శరీరానికి అమర్చి చూడటం, వాడటం నేర్పడం, తర్వాత రిపేరుకు తోడుండటం అందులో ఉన్నాయి. కుర్చీని సిద్ధం చేయడం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే.

ఊరి మెకానిక్కు చేతికి అందేది నిలబడుతుంది

అన్నీ మూలన పడుతున్నాయనుకుంటే పొరపాటు. చేత్తో తొక్కే మూడు చక్రాల బండి దశాబ్దాలుగా మన రోడ్ల మీద కనిపిస్తూనే ఉంది. బరువైనది, వానలో ఇబ్బంది, అయినా ఎందుకు నిలబడింది? దాని టైరు, ట్యూబు, చైను అన్నీ సైకిలువే. పంక్చరైతే ఊళ్లో సైకిల్ షాపువాడు వేస్తాడు, చైను తెగితే లింకు మారుస్తాడు. అదే వీల్‌చెయిరు ముందు చిన్న చక్రం బేరింగు పోతే ఆ సైజు ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. బ్యాటరీ బండి మరీ సున్నితం. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగు లేకుండా నెలల తరబడి పడి ఉంటే మళ్లీ లేవదు. వానాకాలమంతా బయటికి తీయకుండా ఉంచితే బండి బాగానే ఉంటుంది, బ్యాటరీ పోతుంది.

జైపూర్ కాలుది కూడా ఇదే దారి. 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు పి.కె. సేథీ దీన్ని రూపొందించారు. అప్పటికి ఉన్న విదేశీ తరహా కృత్రిమ పాదం బూటులో దూర్చి వాడటానికి తయారైంది. మన దగ్గర గుడికి, వంటింటికి, పొలం గట్టు మీదికి బూటుతో వెళ్లరు. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి. రబ్బరుతో పాదం ఆకారంలోనే చేసిన జైపూర్ కాలు అన్ని వైపులకూ కొంత వంగుతుంది, వట్టి కాళ్లతో నడవనిస్తుంది, బురదలో దిగినా ఫరవాలేదు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి దాన్ని ఉచితంగా లక్షల మందికి అందించింది. తెగిన కాలు ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడుతుంది, లోపల అమరే గుల్ల వదులవుతుంది, మళ్లీ కొత్తది చేయించుకోవాలి. అంటే దీనికీ తిరిగి వెళ్లాల్సిన పని తప్పదు. అయినా మొదటి ఎంపిక బతుకు తీరు చూసి జరిగింది కాబట్టి జనం తిరిగి వెళ్తారు.

చిన్న వస్తువుకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. చేతికర్ర కింద ఉండే రబ్బరు బుష్ అరిగిపోతే లోపలి అల్యూమినియం గొట్టం నేరుగా నేలకు తగులుతుంది. తడి బండల మీద అది మంచు మీద పెట్టినట్టే. కొత్త బుష్ కొన్ని రూపాయల వస్తువు. అది దొరక్క తుంటి ఎముక విరిగితే ఆపరేషను.

మాట్లాడే ఫోను, చదవలేని తెలుగు

చూపులేని వారికి స్మార్ట్‌ఫోను తెచ్చిన మార్పు చిన్నది కాదు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరు, అంటే తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాధనం, కంప్యూటరులో ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్ 2009లోనే వచ్చాయి. తెలుగు గొంతులూ వచ్చాయి. సాధనం ఉంది, గొంతు ఉంది. మరి అడ్డం ఏమిటి? చదవాల్సిన తెలుగే.

కంప్యూటరులో తెలుగు పేజీలు కూర్చే డీటీపీ రంగం దశాబ్దాల పాటు "అను" అనే పేరున్న ఫాంట్ల మీద నడిచింది. అందులో టైపు చేసిన పేజీ కంటికి చక్కని తెలుగులా కనిపిస్తుంది, కానీ కంప్యూటరు దృష్టిలో అవి తెలుగు అక్షరాలు కావు, గజిబిజి ఇంగ్లిషు గుర్తులు. స్క్రీన్ రీడరు ఆ గజిబిజినే చదువుతుంది. అన్ని భాషల అక్షరాల్నీ ఏ కంప్యూటరైనా గుర్తించేలా చేసే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచీ ఉంది. అయినా పాత పుస్తకాల ఫైళ్లు, కరపత్రాలు చాలావరకు ఆ పాత ఫాంట్లలోనే మిగిలిపోయాయి. ప్రభుత్వ ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం చేసి, మళ్లీ స్కాన్ చేసి పెట్టినా అంతే. అది బొమ్మ, అందులో చదవడానికి అక్షరమే ఉండదు. వికలాంగుల పథకం గురించిన ఉత్తర్వు కూడా అలా వస్తే దాన్ని చూపున్నవారితో చదివించుకోవాలి.

స్నేహితుల మెసేజ్‌లది ఇంకో తంటా. తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి పంపడం మనకు అలవాటు. "ఎలా ఉన్నావ్ రా" అని అలా పంపితే ఇంగ్లిషు గొంతు దాన్ని తన పద్ధతిలో చదువుతుంది. రెండు మూడుసార్లు వింటే గానీ ఏమన్నారో తెలియదు. ఇక యాప్‌లలో పేరు పెట్టని బటన్ల దగ్గర ఫోను "బటన్, బటన్, బటన్" అనుకుంటూ పోతుంది. ఏది డబ్బు పంపే బటనో నొక్కితే గానీ తెలియదు. కష్టపడి గుర్తుపెట్టుకున్న వరుస కూడా యాప్ అప్‌డేట్ కాగానే మారిపోతుంది.

ముసలివాళ్లకు ఫోను మరోలా కష్టం. వణికే వేలు ఒక నొక్కును రెండు నొక్కులుగా మారుస్తుంది, ఓటీపీ వెతికి కొట్టేలోగా టైం అయిపోతుంది. కానీ 2017లో గూగుల్ తెలుగులో మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం తెచ్చాక చదువురాని అమ్మమ్మలు కూడా మైకు గుర్తు నొక్కి "వెంకటేశ్వర సుప్రభాతం" అని అడిగి పెట్టించుకుంటున్నారు. వికలాంగుల కోసమని తయారుచేయని ఒక సదుపాయం వారికి ఎంత పనికొచ్చిందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. పక్షవాతంతో మాట ముద్దగా వచ్చేవారి దగ్గర మాత్రం అదే మైకు తడబడుతుంది.

నోటు సైజు తగ్గితే యాప్ కావాల్సి వచ్చింది

పరికరం అవసరం ఒక్కోసారి శరీరంలోంచి కాక డిజైనులోంచి పుడుతుంది. పాత వంద నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, పాత అయిదొందల నోటు 167. పది మిల్లీమీటర్ల తేడా చూపులేనివారి వేళ్లకు సులువుగా తెలిసేది. 2016 నుంచి వచ్చిన కొత్త వంద, రెండొందలు, అయిదొందల నోట్లకు వెడల్పు ఒకేలా 66 మిల్లీమీటర్లు. పొడవులో వంద 142, రెండొందలు 146, అయిదొందలు 150. ఒక్కోదానికీ తేడా నాలుగు మిల్లీమీటర్లే. అంచుల్లో ఉబ్బెత్తు గీతలున్నా నోటు చేతులు మారేకొద్దీ అవి అరిగిపోతాయి. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది. ఫోను కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది. యాప్ ఉపయోగమే. కానీ సంతలో కూరగాయలు అమ్మే చూపులేని మనిషి ఒక చేత్తో త్రాసు, ఇంకో చేత్తో నోటు పట్టుకుని ఫోను ఎక్కడ పట్టుకోవాలి? అంతకుముందు ఆ పని వేళ్లు చేసేవి.

అమెరికా నుంచి వచ్చిన వాచీ

పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న తెలుగు కుటుంబాల్లో పరికరాలు సూట్‌కేసులో వస్తాయి. కింద పడితే గుర్తించి ఫోను చేసే వాచీలు వాటిలో ఒకటి. యాపిల్ తన వాచీలో ఈ సదుపాయాన్ని 2018లో పెట్టింది. పడ్డాక మనిషి నిమిషం పాటు కదలకపోతే అదే అత్యవసర నంబరుకు ఫోను చేస్తుంది. వాచీకి దాదాపు రోజూ ఛార్జింగు కావాలి. పెద్దవాళ్లు దాన్ని పడుకునే ముందు తీసి ఛార్జింగులో పెడతారు. అర్ధరాత్రి బాత్రూంకు లేచి, చీకట్లో, తడి నేల మీద నడిచే ఆ కాసేపు చేతికి వాచీ ఉండదు. ఛార్జింగును మధ్యాహ్నం భోజనం తర్వాత టీవీ చూసే వేళకు మార్చమని చెబితే సగం సమస్య తీరుతుంది. వీడియో కాల్‌లో ఆ ఒక్క మాట చెప్పడం చాలామందికి తట్టదు.

అమెరికాలో 2022 అక్టోబరు నుంచి ఓ మోస్తరు చెవుడుకు డాక్టరు చీటీ లేకుండానే షాపులో చెవి మిషను కొనవచ్చు. అక్కడ కొని ఇక్కడికి పంపే పిల్లలూ ఉన్నారు. ఆ మిషన్లను ఫోను యాప్‌తో సరిచేసుకోవాలి, యాప్ ఇంగ్లిషులో ఉంటుంది. పాడైతే ఇక్కడ చూసేవారు దొరకడం కష్టం. ఇక హాల్లో పెట్టిన కెమెరా సంగతి. కొడుక్కి అది నిశ్చింత. లోపల తిరిగే తల్లికి చీర సర్దుకోవడానికి కూడా మొహమాటం. ఆమెను అడిగి పెట్టిన ఇళ్లలోనూ, అడగకుండా పెట్టిన ఇళ్లలోనూ దానికి దొరికే ఆదరణ ఒకేలా ఉండదు. కెమెరా మీద తువ్వాలు కప్పి ఉందంటే జవాబు వచ్చినట్టే.

శిబిరం, చట్టం, ఆ తర్వాత

ప్రభుత్వ పథకాలు తక్కువేమీ లేవు. వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం 1981 నుంచి నడుస్తోంది. 60 ఏళ్లు దాటిన పేదలకు కర్ర, వాకరు, చెవి మిషను, కళ్లద్దాలు, పళ్లసెట్టు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైంది. కాన్పూర్‌లో 1972లో ఏర్పడిన అలిమ్‌కో సంస్థ ఈ పరికరాల్లో ఎక్కువ భాగం తయారుచేస్తుంది. పద్ధతి ఏమిటంటే ముందు ఒక శిబిరంలో పరీక్ష, కొన్నాళ్లకు ఇంకో శిబిరంలో పంపిణీ. ఒకే రోజు వందల మందికి ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి నేర్పే సమయం ఉండదు. వయోశ్రీ కింద ఏడాది పాటు ఉచిత నిర్వహణ ఉంటుంది. అడిప్ నిబంధనల ప్రకారం అదే రకం పరికరం మళ్లీ పొందాలంటే పెద్దవాళ్లు మూడేళ్లు ఆగాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఏడాది. మూడేళ్ల నిబంధన దుర్వినియోగం ఆపడానికి పెట్టినది. కానీ రెండో ఏట పాడైన చెవి మిషనుకు దగ్గర్లో రిపేరు లేకపోతే ఆ నిబంధనే మనిషిని ఏడాది పాటు మాటలకు దూరం చేస్తుంది. శిబిరం తర్వాత ఎన్ని పరికరాలు పంచారన్న సంఖ్య పేపర్లో వస్తుంది. ఆరు నెలలకు వాటిలో ఎన్ని వాడుతున్నారన్న సంఖ్య కనిపించడం అరుదు. అది లెక్కపెట్టడం మొదలైతే కొనే తీరు కూడా మారుతుంది, ఎందుకంటే చౌక మిషను ఐదొందల మందికి ఇవ్వడం మేలా, సెట్ చేసి, అచ్చు తీసి, రెండుసార్లు మళ్లీ పిలిచి మూడొందల మందికి ఇవ్వడం మేలా అన్న ప్రశ్నకు అప్పుడే జవాబు దొరుకుతుంది.

న్యాయస్థానాల వైపు నుంచి రెండు ముఖ్యమైన కదలికలు వచ్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద చేసిన నిబంధనల్లో భవనాలు, సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండాలనే ప్రమాణాలు సలహాల్లాగే మిగిలాయని, వాటిని తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించింది. యాసిడ్ దాడికి గురై కనురెప్ప వేయలేని వారిని, చూపులేని వారిని బ్యాంకు కేవైసీలో, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించే తనిఖీలో, "కళ్లార్పండి" అని అడగడం ఆ కేసులో ప్రధాన అంశం. ఈ రెండూ అమలైతే బ్యాంకు యాప్, బస్టాండు, కలెక్టరేటు మారాలి.

ఇంటి లోపలికి మాత్రం ఈ తీర్పులేవీ రావు. పెరటి మరుగుదొడ్డి దగ్గర పట్టుకోవడానికి జీఐ పైపు ముక్కను ఊళ్లో వెల్డింగు షాపువాడు వంచి ఇస్తాడు, మేస్త్రీ గోడలో రంధ్రం చేసి బిగిస్తాడు. ఎంత ఎత్తులో బిగించాలో మాత్రం ఆ గోడ పట్టుకుని రోజూ లేచే మనిషినే అక్కడ ఒకసారి కూర్చోబెట్టి, లేపి, చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసి గుర్తు పెట్టుకోవాలి.